కాలేయం ఎవరి చేతుల్లో ఉంది?

ఆరోగ్య అవగాహన పేరుతో మన సంస్థలు పంచే కరపత్రాలు నా బల్లమీద ఒక కట్టగా పేరుకున్నాయి. వాటిలో కాలేయం గురించినవి ఈ మధ్య ఎక్కువయ్యాయి. అన్నింటి పోతా ఒకటే. ఎడమవైపు ఎర్రరంగులో తాగకూడనివి: మద్యం, కూల్ డ్రింకులు, చక్కెర ఎక్కువ పోసిన టీ. కుడివైపు పచ్చరంగులో తాగవలసినవి: శుభ్రమైన నీళ్ళు, మజ్జిగ, పళ్ళరసం, చక్కెర లేని కాఫీ. (పళ్ళరసంలోనూ ఉండేది చక్కెరేనని రాసినవాళ్ళు మరిచిపోయినట్టున్నారు.) అడుగున పెద్ద అక్షరాలతో, సరైన పానీయాన్ని ఎంచుకోండి, మీ కాలేయం మీ చేతుల్లోనే ఉంది, అని ఉంటుంది.

వైద్యపరంగా ఇందులో పెద్ద తప్పేమీ లేదు. తాగిన మద్యంలో ఎక్కువ భాగాన్ని విరగగొట్టే పని కాలేయానిదే. ఆ క్రమంలో మొదట అందులో కొవ్వు పేరుకుంటుంది, తర్వాత వాపు వస్తుంది, ఆ తర్వాత మెత్తటి కండ ఉన్నచోట గట్టి మచ్చలు కట్టి సిర్రోసిస్ అవుతుంది. మొదటి దశలో మానేస్తే చాలావరకు కోలుకుంటుంది. చివరి దశలో వెనక్కి రావడం కష్టం. కూల్ డ్రింకులోని చక్కెర కూడా ఇంకో దారిలో కాలేయంలో కొవ్వుగానే మారుతుంది. 300 మిల్లీలీటర్ల కోలా సీసాలో 30 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. కాఫీ తాగేవాళ్ళలో కాలేయ క్యాన్సర్ తక్కువని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో చెప్పింది. ఇవన్నీ నిజాలే. నా పేచీ అంతా 'ఎంచుకోండి' అన్న ఆ ఒక్క మాటతోనే.

పిడుగురాళ్లలో సున్నం బట్టీల మీదా ముగ్గు మిల్లుల్లోనూ పనిచేసే స్త్రీల మధ్య ఇలాంటి కరపత్రం ఒకటి చదివి వినిపించే సమావేశంలో నేను కూర్చున్నాను. పొదుపు సంఘం సమావేశం అది. ముప్ఫైమంది దాకా వచ్చారు. చేతుల మీద సున్నం తిన్న మచ్చలు, ఎంత కడిగినా వదలని తెలుపు. రాళ్ళు పగలగొట్టడం, ఏరడం, గంపలకెత్తి బట్టీలో పోయడం, కాలిన సున్నాన్ని బస్తాలకెత్తడం వాళ్ళ పని. సున్నపు ధూళి గొంతులో పడితే తడి ఆరిపోతుంది, మాటిమాటికీ దాహం. చదువుతున్న అమ్మాయి "రోజుకు రెండున్నర, మూడు లీటర్ల శుభ్రమైన నీళ్ళు తాగాలి" అన్న చోటికి రాగానే వెనక వరసలో ఒక పెద్దామె అడ్డం వచ్చింది.

"తాగితే పోసుకునేదెక్కడమ్మా? అది కూడా రాశారా ఆ కాయితంలో?"

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఉన్నదంతా కరపత్రంలో లేనిదే. బట్టీ దగ్గర మరుగుదొడ్డి లేదు. మగవాళ్ళకు గోడ చాటు చాలు. ఆడవాళ్ళు పొద్దున ఇల్లు వదిలింది మొదలు సాయంత్రం దాకా నీళ్ళు తాగకుండా బిగపట్టుకుంటారు. మిరప కోతలకు కర్నూలు వైపునుంచి వలస వచ్చి పొలాల్లోనే గుడారాలు వేసుకునే స్త్రీల సంగతీ ఇంతే. పత్తి తీసేవాళ్ళ సంగతీ ఇంతే. రైతు పంపిన నీళ్ళ టిన్ను గట్టుమీద ఎండలో ఉంటుంది. అందులో నీళ్ళెక్కడివని అడిగే హక్కు కూలికి లేదు. మధ్యాహ్నం నాలుగింటికి ఒక టీ వస్తుంది, పాలు తక్కువ, చక్కెర ఎక్కువ. ఆకలిని ఇంకో రెండు గంటలు మరిపించడానికి ఆ చక్కెరే ఆధారం. మజ్జిగ తాగమంటాం. గేదెను మేపేదీ, పితికేదీ, పేడ తీసేదీ ఆడది. పాలు మాత్రం రెండు పూటలా కేంద్రానికి పోతాయి, బాకీకి జమ అవుతాయి. ఆ పిల్లలకు మిగిలేది పదిరూపాయల రంగునీళ్ళ సీసా.

కరపత్రంలో పచ్చరంగులో రాసిన ప్రతి పానీయం వెనకా ఒక వసతి ఉంది. ఎర్రరంగులో రాసిన ప్రతి పానీయం వెనకా ఒక వ్యాపారం ఉంది. వసతి కల్పించనివాళ్ళనూ వ్యాపారం చేసేవాళ్ళనూ వదిలేసి, మధ్యలో నిలబడిన మనిషిని ఎంచుకోమనడం ఏ రకం విజ్ఞానం?

నీళ్ళ సంగతే ముందు చూద్దాం, ఎందుకంటే కాలేయం అనగానే మనకు నీళ్ళు గుర్తు రావు. 2024 జూలైలో పిడుగురాళ్ల పట్టణంలో లెనిన్ నగర్, మారుతీ నగర్ ప్రాంతాల్లో నీళ్ళు చెడి వాంతులూ విరేచనాలూ ప్రబలాయి. మంత్రులు వచ్చారు, ట్యాంకర్లు వచ్చాయి, క్లోరిన్ బిళ్ళలు పంచారు. కొన్నాళ్ళకు వార్త పాతబడిపోయింది. అయితే మురుగు కలిసిన గొట్టంలో విరేచనాల క్రిములు మాత్రమే ప్రయాణించవు. హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ వైరస్‌లు కూడా అదే దారిన వస్తాయి. కామెర్లు వస్తాయి. మామూలు మనుషుల్లో ఇ రకం కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది. నెలలు నిండుతున్న గర్భిణికి వస్తే మాత్రం అయిదుగురిలో ఒకరి దాకా ప్రాణం పోవచ్చు. మన దేశానికి ఇది కొత్త పాఠం కాదు. 1955–56లో యమునలోకి మురుగు మళ్ళి, అదే నీరు ఢిల్లీ కుళాయిల్లోకి వచ్చినప్పుడు 29 వేలమందికి పైగా కామెర్లు వచ్చాయి, గర్భిణుల్లో చావులు మిగతావాళ్ళకంటే ఎక్కువగా నమోదయ్యాయి. అది ఇ రకం వైరస్ అని చాలా ఏళ్ళ తర్వాత తేలింది.

ఆ గర్భిణులు ఏం ఎంచుకున్నారు? కుళాయి తిప్పారు, అంతే. లెనిన్ నగర్‌లో కూడా కుళాయే తిప్పారు. డబ్బున్నవాళ్ళు ఇరవై లీటర్ల క్యాను తెప్పించుకుంటారు. కాచి చల్లార్చిన నీళ్ళు తాగమంటాం గదా, గ్యాసు బండ ఎన్ని రోజులు వస్తుందో లెక్కపెట్టుకునే ఇంట్లో రోజుకు పది లీటర్ల నీళ్ళు ఎవరు కాస్తారు, ఎప్పుడు కాస్తారు? కాచేది ఆడదే. కాచిన నీళ్ళు ముందు మగవాళ్ళకు, పిల్లలకు. అడుగున మిగిలితే ఆమెకు. కామెర్లు వచ్చాక పసరు పోయించుకోవడానికి పోతారు. దాన్ని మూఢనమ్మకమని వెక్కిరించేముందు, రక్తపరీక్ష కోసం ఎంత దూరం పోవాలో, ఆ రోజు కూలి ఎంత పోతుందో కూడా మన నివేదికల్లో రాయాలి.

ఇక మద్యం.

సాయంత్రం పిడుగురాళ్ల సెంటర్లో నిలబడితే ఆ ఊరి బతుకంతా కనిపిస్తుంది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద సున్నం లారీలు, సిమెంటు లారీలు, పత్తి ట్రాక్టర్లు, వాటి పక్కనే మద్యం దుకాణాల ముందు మూగిన మనుషులు. ఒంటినొప్పులకు మందు అంటారు. నిజంగానే ఒళ్ళు హూనమయ్యే పని అది. కానీ అదే పని, అదే ధూళి, అదే ఎండ ఆడవాళ్ళకూ ఉన్నాయి. వాళ్ళు నొప్పి మాత్ర వేసుకుని వంట మొదలుపెడతారు. శ్రమ వల్ల తాగుతారన్న వాదన ఇంటిముందు ఆగిపోయేది ఇందుకే.

క్వార్టరు సీసా లెక్క ఒకటి మన కార్యకర్తలందరికీ నోటికి వచ్చి ఉండాలి. 180 మిల్లీలీటర్లు. దేశీయ విదేశీ మద్యంలో ఆల్కహాలు 42.8 శాతం. అంటే ఒక్క క్వార్టరులో సుమారు 60 గ్రాముల అసలు ఆల్కహాలు ఉంటుంది. 'మితంగా తాగితే ఫరవాలేదు' అనేవాళ్ళ మితం చాలా దేశాల లెక్కలో ఇందులో సగానికి మించదు. అసలు సురక్షితమైన మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగానే చెప్పింది. ఖరీదైనది కాలేయానికి మేలనీ, చౌకది కీడనీ ఒక అపోహ ఉంది. కల్తీ ప్రాణం తీస్తుంది, నిజమే. కల్తీలేనిది మెల్లగా తీస్తుంది. ఆడవాళ్ళ ఒంట్లో నీటి పాలు తక్కువ, ఆల్కహాలును జీర్ణాశయంలోనే కొంత విరగగొట్టే ఎంజైమూ తక్కువ. అందువల్ల అంతే మోతాదు ఆమె కాలేయాన్ని ఇంకా త్వరగా దెబ్బ తీస్తుంది. ఈ మాట స్త్రీల మీద నీతి పోలీసుగిరీకి వాడుకోకుండా చెప్పడం మనం నేర్చుకోవాలి.

ఇప్పుడు ఆ సమావేశాన్ని మళ్ళీ చూడండి. కరపత్రం చదివి వినిపించింది ముప్ఫైమంది స్త్రీలకు. ఆంధ్ర జిల్లాల్లో తాగే స్త్రీలు బహు తక్కువని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. ఎంచుకోగలిగినవాడు ఆ గదిలో లేడు. ఎంచుకోలేనిదాన్ని కూర్చోబెట్టి ఎంచుకోమని చెప్పి, సంతకాలు తీసుకుని, ఫోటో దిగి వచ్చాం. వచ్చే నెల వాడి కాలేయం పాడయితే ఆమెకు చెప్పాం కదా, ఆపలేకపోయిందే అని మన నివేదికలోనే ఒక వాక్యం దొర్లుతుంది. అత్తగారు అనే మాటకూ మనం రాసే మాటకూ తేడా ఏముంది?

మనకు ఇంతకంటే మంచి చరిత్ర ఉంది. 1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో, పక్క ఊళ్ళలో, అక్షరాస్యతా ఉద్యమంలో చదువు నేర్చుకుంటున్న స్త్రీలు సారా దుకాణాలు మూయించినప్పుడు 'మా ఆయన సరైన పానీయాన్ని ఎంచుకోవాలి' అనలేదు. సారా మా ఊళ్ళోకి ఎందుకు వస్తోంది, మంచినీళ్ళు రాని ఊరికి సారా బండి ఎలా వస్తోంది అని అడిగారు. వర్ధినేని రోశమ్మ పేరు చరిత్రలో నిలిచింది ఆ ప్రశ్న వల్లనే. వాళ్ళు భర్తల అలవాటును ప్రభుత్వ ఆదాయంతో ముడిపెట్టారు. ఆ ముడి పట్టుకున్నారు కాబట్టే వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వం ఆదాయం చాలడంలేదనీ దొంగసారా పెరిగిందనీ చెప్పి దాన్ని ఎత్తేసింది. ఈలోపు ఉద్యమించిన స్త్రీలకు పొదుపు సంఘాలు వచ్చాయి. పొదుపును నేను తక్కువ చేయను, దానితో నిలబడ్డ ఇళ్ళు చూశాను. కానీ ఖజానా లెక్క అడిగిన స్త్రీ చేతికి తన సొంత పద్దు పుస్తకం ఇచ్చి కూర్చోబెట్టారన్న మాట కూడా అనకుండా ఉండలేను.

ఆ తర్వాతి కథలో పార్టీలు మారాయి, ముడి మారలేదు. 2019లో దశలవారీ నిషేధం అంటూ వచ్చిన ప్రభుత్వం ఆ అక్టోబరు 1 నుంచి దుకాణాలను తానే నడిపింది, 2020 మే నెలలో ధరలను రెండు విడతల్లో 75 శాతం పెంచింది. ధర పెరిగితే తాగుడు తగ్గుతుందన్నారు. తాగేవాడి ఖర్చు తగ్గలేదు, ఇంటికి వచ్చే డబ్బు తగ్గింది. కృష్ణ అవతల తెలంగాణ సరుకు పొందుగుల మీదుగా దాచేపల్లి, పిడుగురాళ్ల దారుల్లోకి దొంగతనంగా వచ్చింది. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. ధర ఒక్కటే పెంచి, మానిపించే వైద్యం ఊరి దరిదాపుల్లో పెట్టకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంకో ఉదాహరణ అక్కరలేదు. అన్నిటికంటే నన్ను కలచివేసింది 2021లో జరిగిన చట్టసవరణ. అమ్మఒడి, చేయూత, ఆసరా పథకాల బాధ్యతను మద్యం అమ్మే బెవరేజెస్ కార్పొరేషనుకు అప్పగించి, మద్యం మీది ఆదాయాన్ని చూపించి అప్పులు తెచ్చారు. తల్లి ఖాతాలో పడే డబ్బు తండ్రి సీసాలోంచి రావాలని శాసనసభలోనే రాసుకున్నారు. ఇక ఏ తల్లి దుకాణం మూయమని అడుగుతుంది?

2024 అక్టోబరు 16 నుంచి దుకాణాలు మళ్ళీ ప్రైవేటువాళ్ళ చేతికి పోయాయి. 3,396 దుకాణాలకు దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. దరఖాస్తుకు రెండు లక్షలు, లాటరీలో రాకపోయినా తిరిగి ఇవ్వరు. ఒక్క దుకాణం అమ్మకముందే ప్రభుత్వానికి సుమారు 1,800 కోట్లు జమ అయ్యాయి. 99 రూపాయలకు క్వార్టరు అన్నది ఎన్నికల వాగ్దానంగా వచ్చి విధానంగా మారింది. పేదవాడికి నాణ్యమైన మద్యం చౌకగా ఇవ్వడం న్యాయమని వాదించారు. పేదవాడి ఇల్లాలికి నాణ్యమైన నీళ్ళు చౌకగా ఇవ్వడం గురించి ఇంత పోటీపడి వాగ్దానం చేసినవాళ్ళను నేను చూడలేదు. రాజ్యాంగం 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచమనీ, మత్తు పానీయాల నిషేధానికి ప్రయత్నించమనీ ఒకే చోట చెప్పింది.

చివరికి కాలేయం చెడిన తర్వాత ఆ భారం ఎవరి మీద పడుతుంది? పొట్టలో నీళ్ళు చేరిన మనిషిని గుంటూరు పెద్దాసుపత్రికి బస్సులో తీసుకుపోయేది భార్య. రక్తం కక్కుకుంటే బొచ్చె పట్టేది ఆమె. కూలి మానుకునేది ఆమె, వడ్డీకి తెచ్చేది ఆమె. ఇంతవరకు మనకు తెలిసిందే. కొత్తగా తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. కాలేయ మార్పిడికి బతికున్న మనిషి కాలేయంలో కొంత కోసి ఇవ్వవచ్చు. ఎవరిస్తున్నారు? దేశంలో 2019–2023 మధ్య బతికుండగా అవయవాలు ఇచ్చినవాళ్ళలో దాదాపు 64 శాతం స్త్రీలు. 1995–2021 మధ్య అవయవాలు పొందినవాళ్ళలో ప్రతి అయిదుగురిలో నలుగురు మగవాళ్ళు. భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్ళు ఇస్తున్నారు. మగవాడు సంపాదించేవాడు కాబట్టి అతను ఇవ్వకూడదట. 'మీ కాలేయం మీ చేతుల్లో' అన్న మాటను ఈ అంకెల పక్కన పెట్టి చదివితే, ఆమె కాలేయం ఆమెది కూడా కాదని తెలుస్తుంది.

ఒక అభ్యంతరం నాకు తెలుసు. ప్రభుత్వాన్నీ వ్యాపారాన్నీ తిడుతూ తాగే మగవాణ్ణి బాధితుడిగా చేసి వదిలేస్తున్నారా అని. వదలడం లేదు. వసతులూ వ్యాపారమూ కలిసి బిగించిన ఈ లోకంలో కాస్తో కూస్తో ఎంపిక ఉన్నది అతనికే. కూలి డబ్బు జేబులో పెట్టుకుని ఇంటికా, దుకాణానికా అని నిలబడే ఆ కాస్త స్వేచ్ఛ భార్యకు లేదు. కొట్టడం మత్తు చేయించిన పని కాదు. తాగనివాళ్ళూ కొడతారు, తాగినవాళ్ళు యజమానిని కొట్టరు. కాబట్టి కరపత్రాలు రాయాలంటే మగవాళ్ళకు రాయండి. బట్టీ యజమానుల సంఘం దగ్గర, లారీ డ్రైవర్ల అడ్డాలో, యార్డు దగ్గర హమాలీల మధ్య చదవండి. మానాలనుకునేవాడికి పిడుగురాళ్లలోనే మానిపించే వైద్యం కావాలి. ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్లు, మతిచలనం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. ఒట్టు వేయించి ఇంటికి పంపితే సరిపోదు.

మహారాష్ట్రలో ఒక పద్ధతి ఉంది. వార్డులోనో గ్రామంలోనో నాలుగోవంతు స్త్రీ ఓటర్లు అడిగితే మద్యం దుకాణం మీద ఓటింగు పెట్టాలి. బ్యాలెట్టు మీద రెండు బొమ్మలు, నిలబడ్డ సీసా, పడుకున్న సీసా. సగానికి మించి పడుకున్న సీసాకు వేస్తే దుకాణం మూయాలి. అలా అనేక ఊళ్ళలో మూయించారు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు 1996 పెసా చట్టం మద్యాన్ని నియంత్రించే, నిషేధించే అధికారమిచ్చింది. మైదాన ప్రాంతపు స్త్రీకి ఆ అధికారం ఎందుకు ఉండకూడదు? బెల్టు షాపు మీద ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చేలోపు సరుకు మాయమయ్యే ఊళ్ళలో, ఓటు ఒక్కటే స్త్రీ చేతికి వచ్చే ఆయుధం. దీనికోసం మనం ఇంకా ఒక్క సంతకాల సేకరణ కూడా పెద్ద ఎత్తున చేపట్టలేదు.

నీళ్ళ విషయంలో చేయవలసిన పని ఇంకా తేలిక. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళను ఎన్నాళ్ళకొకసారి, ఏ వీధిలో, దేనికోసం పరీక్షిస్తున్నారు? 2024 జూలై తర్వాత లెనిన్ నగర్, మారుతీ నగర్ గొట్టాలు ఎంతమేరకు మార్చారు? కామెర్లతో వచ్చిన గర్భిణులకు హెపటైటిస్ ఇ పరీక్ష చేస్తున్నారా? బట్టీలకు అనుమతి ఇచ్చేటప్పుడు తాగునీరు, మరుగుదొడ్డి చూస్తున్నదెవరు? ఈ నాలుగు ప్రశ్నలూ 2005 సమాచార హక్కు చట్టం కింద ఒక తెల్లకాగితం మీద రాసి ఆయా కార్యాలయాల్లో ఇవ్వవచ్చు. ముప్ఫైరోజుల్లో జవాబు ఇవ్వాలి. జవాబు వచ్చిన రోజున పొదుపు సంఘం సమావేశంలో కరపత్రానికి బదులు దాన్నే చదవండి. రాకపోతే అప్పీలుకు ఇంకో ముప్ఫైరోజులు గడువుంది, ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి బట్టీల ఆడవాళ్ళే ముందుకు వస్తారు.